ఇంట్లో ఎవరెవరు ఉంటారు?

పుంతా అరేనాస్‌లో గాలికి సెలవుల్లేవు.
మరీ ముదిరిన రోజున వీధి మలుపుల్లో
మునిసిపాలిటీ వాళ్లు తాళ్లు కడతారు,
మనుషులు పట్టుకుని దాటడానికి.
ఆ తాడు పట్టుకునే వెళ్లాను
నోల్ఫా మారినోవిచ్ ఇంటికి, మూడోసారి,
చంకలో ఫారం, చెవి మీద పెన్సిలు.

మొదటిసారి తలుపు తగిలిందంది.
రెండోసారి మెట్టు జారానంది.
ఆ ఇంటికి మెట్లు లేవు.
మెట్టు అనే రాసుకున్నాను.
ఇరవై రెండేళ్ల ఉద్యోగం నేర్పిందేమంటే
అబద్ధాన్ని కూడా మర్యాదగా రాసుకోవాలి,
ఆ పూటకి అదే వాళ్ల పైకప్పు కావచ్చు.

ఇంట్లో ఎవరెవరు ఉంటారు?
ఆయన, నేను, బాబు.
కాదు, అన్నాడు ఆరేళ్ల బల్తసార్, వేళ్లు ముడుస్తూ,
కలఫాతెని మర్చిపోయావు.
కలఫాతె అంటే ఇక్కడి ముళ్లపొదలకు కాసే నల్లటి పండు.
ఈ ఇంట్లో మాత్రం కుక్క.
ఫారంలో మూడే గీతలున్నాయి.
నాలుగోది నేను గీశాను.

అది దేన్ని చూసినా మొరుగుతుంది:
సముద్రపు కొంగల్ని, ఎగిరే రేకుల్ని, నన్ను, నా బూట్లని.
మాటల మధ్యలో ఉన్నట్టుండి ఆపేసింది.
నా చెవికింకా ఏమీ అందలేదు.
అది పొయ్యి కిందికి దూరుతోంది
ముందు నడుము, తర్వాత తల.
వెనక కాలొకటి మడత పడక బయటే ఉండిపోయింది.
బల్తసార్ రేడియో తగ్గించాడు.
నోల్ఫా నా కప్పు తీసి తొట్టిలో పెట్టేసింది,
ఇంకా సగం తాగనే లేదు.
అప్పుడు వినబడింది, దూరంగా, లారీ.

ఎవరిదో లారీ. ఆగకుండా పోయింది.

ఆ కాలికేమైంది? అన్నాను.

తన పక్కటెముకల గురించి నోరు విప్పని మనిషి
కుక్క కాలి గురించి తారీఖుతో సహా చెప్పింది.
ఏ రాత్రి, ఏ బూటు,
పొయ్యి మీద ఏం ఉడుకుతోంది,
బాబు ఏ బల్ల కింద ఉన్నాడు.
‘దాన్ని’ అని మొదలైన వాక్యం
నడిచి నడిచి ఎక్కడో అడుగు మార్చుకుని
‘మమ్మల్ని’ అని ఆగింది.
ఆ మార్పు ఆమె వినలేదు.
నేను విన్నాను. పెన్సిలు కింద పెట్టాను.

ఆశ్రయానికి ఫోన్ చేస్తే
రెండు మంచాలున్నాయి, కుక్కలు కుదరవు అన్నారు.
అయితే మేమూ కుదరం, అంది నోల్ఫా.
మొండితనం అన్నారు మా పైవాళ్లు.
నాకది లెక్కలా తోచింది:
ఇద్దరు వెళ్లిపోతే
ముగ్గురి మీద దిగే కోపం
ఒక్క ఒంటి మీద దిగుతుంది.

గొర్రెల డాక్టరు ద్రాగిత్సా ఎక్కువ అడగలేదు.
వెనక గదిలో గడ్డి పరిచి, పుస్తకంలో రాసింది:
పేరు సార్జెంటు. మగ. గజ్జి.
గజ్జి ఎందుకు? అన్నాను.
ఎవరూ తొంగి చూడరు, అంది.
తెల్లారే వచ్చాడట అతను,
నల్ల ఆడకుక్క ఏమైనా వచ్చిందా అని.
గజ్జికుక్కుంది, కాస్త పట్టుకుంటావా, మందు రాస్తాను?
అందట మోచేతుల దాకా తడిసిన ద్రాగిత్సా.
చేతులు జేబులో పెట్టుకుని పోయాడట.

ఫారం తిప్పి పంపారు.
నాలుగో గీత తీసేయాలి,
కుటుంబ సభ్యులు మనుషులై ఉండాలి.
రబ్బరుతో చెరిపాను.
వెలుగుకు ఎదురుగా పెడితే
కాగితం మీద పల్లం కనిపిస్తూనే ఉంది.
అలాగే పంపాను.

గురువారం సాయంత్రం అయిదింటికి
ద్రాగిత్సా కుక్క చెవికి ఫోన్ ఆనిస్తుంది.
అవతల బల్తసార్ ఊపిరి బిగబట్టి
ముందు ఏమీ మాట్లాడడు.
తర్వాత పేరు పెట్టి పిలుస్తాడు, అసలు పేరు.
తోక రేకు డబ్బాకి తగులుతుంది.
వాడు లెక్కపెడతాడు.
పదకొండు, అని అమ్మకి చెప్పాడు పోయిన వారం.
అంతకు ముందు వారం తొమ్మిదే.

కాలు ఇంక తిన్నగా రాదట.
మార్చిలో కోర్టు.
అప్పటిదాకా గురువారాలు.